జమ్మ దేవమ్మకి ముఖం పెట్టకండి

1835లో వియన్నాలో ఒక పోలిష్ జమీందారిణి చిత్రకారుడి ముందు కూర్చుంది. ఆమె పేరు ఎవెలీనా హాన్‌స్కా. గీసినవాడు ఫెర్డినాండ్ వాల్డ్‌ముల్లర్. ఆ మరుసటి ఏడాది, 1836లో, మా నర్సీపట్నం పక్కనున్న గొలుగొండ జమీందారీకి ఇంగ్లీషు కలెక్టరు ఒక స్త్రీని పాలకురాలిగా నిలబెట్టాడు. ఆమె పేరు జమ్మ దేవమ్మ. మొదటావిడ ముఖం ఇవాళ ఫోన్లో రెండు క్షణాల్లో దొరుకుతుంది. రెండో ఆవిడ పటమంటూ ఏదీ మన దాకా రాలేదు.

ఈ ఖాళీని ఇప్పుడు కొంతమంది కృత్రిమ మేధతో పూడుస్తున్నారు. పూడ్చొద్దని అడగడానికే ఈ వ్యాసం.

ముందు జమ్మ దేవమ్మ సంగతి చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్ళోనే చాలామందికి తెలీదు. మాకు చరిత్ర అంటే అల్లూరి సీతారామరాజు. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలోనిదే. 1922లో మొదలై 1924లో ఆయన్ని కాల్చి చంపడంతో ముగిసిన ఆ తిరుగుబాటుకి చాలా ముందు నుంచే గొలుగొండ కొండలు కుదురుగా లేవు. 1836లో కలెక్టరు అక్కడి జమీందారు అనంత భూపతిని తొలగించి, ఆయన స్థానంలో జమ్మ దేవమ్మని పెట్టాడు. కొండ మీద అధికారమంతా ముఠాదారులది. తమని ఒక్క మాట అడక్కుండా పెట్టారని, అందులోనూ ఆడమనిషిని పెట్టారని వాళ్ళకి కోపం వచ్చింది. ఆమెని కొండల్లోకి ఎత్తుకుపోయి చంపేశారు. 1837లో బకాయిల కింద జమీందారీ వేలానికొస్తే ప్రభుత్వమే కొనేసుకుంది. 1845లో ముఠాదారులు తిరగబడ్డారు, అది సద్దుమణగడానికి మూడేళ్ళు పట్టింది. 1857-58లో మళ్ళీ లేచారు.

1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు రాసినాయన ఫ్రాన్సిస్ అనే ఐసీఎస్ అధికారి. ఇలాంటి పుస్తకాల్లో జమ్మ దేవమ్మకి దక్కేది కొద్ది వాక్యాలు. ఆ వాక్యాల్లో కూడా ఆమె కర్త కాదు. ఆమెని ఒకరు పెట్టారు, ఇంకొకరు చంపారు. ఆమె చావు ఆ కథలో జమీందారీ సర్కారు చేతికి ఎలా వచ్చిందో చెప్పడానికి పనికొచ్చిన ఒక మెట్టు, అంతే. ఆమె ఏమంది, ఒప్పుకుందా, భయపడిందా, ఎవర్ని నమ్మింది, ఇవేవీ ఆ వాక్యాలు పట్టించుకోలేదు.

ఇప్పుడు నా తగువు. మా ఊరి వాళ్ళ వాట్సాప్ గ్రూపొకటి ఉంది. అందులోకి ఆమె ‘ఫోటో’ వచ్చింది. పాతికేళ్ళ అమ్మాయి. పచ్చని ఛాయ, కోటేరు ముక్కు, వడ్డాణం, చంకీ పువ్వులు, చేతిలో కత్తి, వెనకాల కొండల మీద సాయంకాలపు ఎండ. పెదవి మీద చిన్న నవ్వు కూడా. కింద ‘గొలుగొండ రాణి, మన చరిత్ర’ అని రాసుంది. క్షణాల్లో దండాలు, జెండాలు, గుండె బొమ్మలు. ఒకాయన ‘ఏమి తేజస్సు’ అన్నారు.

ఎవరి తేజస్సు సార్ అది?

ఇదేదో మా ఊరి అమాయకత్వం అనుకోకండి. చారిత్రక నవలల అట్టల మీద ఇదే ముఖం. రీల్స్‌లో ఇదే ముఖం, పేరు మాత్రం ఒకసారి రుద్రమ, ఒకసారి నాగమ్మ, ఒకసారి మల్లమ్మ. సాహిత్యం చదివే మనమే వాటిని షేర్ చేస్తున్నాం. కవిత్వంలో ఒక పదం అరిగిపోతే నాలుగు పేజీలు తిట్టే మనం, బొమ్మ దగ్గరకొచ్చేసరికి అరిగిపోయినదాన్నే నెత్తిన పెట్టుకుంటున్నాం.

పోర్ట్రెయిట్ అంటే ఏంటో కొంచెం నెమ్మదిగా చూద్దాం. హాన్‌స్కా ఉదాహరణ ఎందుకు తీసుకున్నానంటే ఆవిడ సాహిత్యం వాళ్ళకి కొంత తెలిసిన మనిషి. 1832లో ఒడెస్సా నుంచి ‘పరాయి స్త్రీ’ అని సంతకం పెట్టి బాల్జాక్‌కి ఉత్తరం రాసింది ఈవిడే. 1833లో స్విట్జర్లాండ్‌లోని నౌషతెల్‌లో ఇద్దరూ కలుసుకున్నారు. 1835లో ఆమె వియన్నాలో ఉంటే బాల్జాక్ అక్కడికీ వెళ్ళాడు. భర్త పోయాక కూడా ఏళ్ళ తరబడి ఎదురుచూపులు. చివరికి 1850 మార్చిలో పెళ్ళి, అదే ఏడాది ఆగస్టులో బాల్జాక్ మరణం. అప్పటికి ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశమే లేదు. 1795 నాటికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచేసుకున్నాయి. తిరిగి అది దేశమైంది 1918లో. ఆ మధ్యకాలంలో పోలిష్ పెద్దింటి వాళ్ళు గోడల మీద వేలాడదీసుకున్న పటాలకి అలంకారాన్ని మించిన పని ఉండేది. మేం ఫలానా, మేం ఇంకా ఉన్నాం అని చెప్పే పని.

వాల్డ్‌ముల్లర్ విషయానికొస్తే, కళ్ళ ముందున్నదాన్ని ఉన్నట్టు గీయాలని పట్టుబట్టిన మొండివాడు. వియన్నా అకాడమీలో పనిచేస్తూనే దాని బోధన పద్ధతుల మీద తగువుకి దిగినవాడు. అలాంటివాడి ముందు కూర్చోడమంటే మాటలు కాదు. కూర్చునే మనిషి తనెలా కనపడాలో తను అనుకుంటుంది. గీసేవాడు తనకి కనపడిందే గీస్తానంటాడు. ఆ ఇద్దరి బేరం ఎక్కడ తెగిందో అక్కడ పటం పూర్తవుతుంది. అది కచ్చితంగా ఆమెలాగే ఉందా అంటే చెప్పలేం, డబ్బిచ్చి గీయించుకున్న పటంలో కొంత మెరుగు ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ గదిలో ఒక మనిషి ఉంది. ఆమె ఒప్పుకుంది. గీసినవాడి పేరు ఉంది, ఏడాది ఉంది. పటం అబద్ధం చెబితే ఎవర్ని నిలదీయాలో తెలుసు.

దీన్ని యూరప్ భజన అనుకోవద్దు. హాన్‌స్కా కుటుంబానికి ఉక్రెయిన్‌లో వెర్ఖోవ్నియా అనే పెద్ద ఎస్టేటు ఉండేది. దాన్ని దున్నింది భూమికి కట్టేసిన దాసరైతులు. రష్యా సామ్రాజ్యంలో ఆ దాస్యం రద్దయింది 1861లో. ఆ పటం ఖర్చు వాళ్ళ చెమటలోంచి రాలేదని ఎవరూ చెప్పలేరు, కానీ వాళ్ళ ముఖాలకి ఏ వాల్డ్‌ముల్లరూ లేడు. ఒక్క ముఖం వెనకాల ఎన్నో ముఖాలు మాయమయ్యాయి. సరే, ఇవాళ ఎవరైనా ఆ రైతులకి కంప్యూటర్లో ముఖాలు తయారుచేసి హాన్‌స్కా పటం పక్కన తగిలిస్తే న్యాయం జరిగినట్టా? నాకైతే రెండో అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది. ఆమె పటం పక్కన ఖాళీ గోడ ఉంటేనే ఆ ఖాళీ ఎందుకుందని అడుగుతాం.

బాల్జాక్ గురించి ఒక ముచ్చట ఉంది. ఫోటో తీసిన ప్రతిసారీ మనిషి ఒంటి మీంచి ఒక పొర ఊడిపోతుందని ఆయన నమ్మేవాడని ఫోటోగ్రాఫర్ నాదార్ రాశాడు. వినడానికి నవ్వొస్తుంది గానీ అందులో ఒక నిజం ఉంది. ఫోటో అయినా పటం అయినా మనిషి నుంచి ఏదో తీసుకుంటుంది, అందుకే అది ఆ మనిషికి సాక్ష్యం. మా గ్రూపులోకొచ్చిన బొమ్మ జమ్మ దేవమ్మ నుంచి ఏమీ తీసుకోలేదు. తీసుకోడానికి ఆవిడ అక్కడ లేదు.

మరి ఆ ముఖం ఎక్కడిది? నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్, కాబట్టి ఈ భాగం చెప్పగలను. ఈ బొమ్మల మోడళ్ళకి కోట్లకొద్దీ బొమ్మల్ని, వాటి కింద రాసిన మాటల్ని కలిపి నేర్పిస్తారు. మనం ‘తెలుగు రాణి, 19వ శతాబ్దం’ అని టైపు చేస్తే అది చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, ఆ మాటలకి సరిపోయే బొమ్మ వైపు అంచెలంచెలుగా శుభ్రం చేసుకుంటూ పోతుంది. సరిపోయేది అంటే, తను చూసినవాటిలో ఆ మాటలతో ఎక్కువగా జతపడ్డది. ‘జమ్మ దేవమ్మ’ అని పేరు పెట్టి అడిగినా దానికి తేడా లేదు, ఆ పేరుతో జతపడ్డ బొమ్మ అది ఒక్కటీ చూడలేదు కాబట్టి. పేరు వదిలేసి ‘రాణి’ని పట్టుకుంటుంది. పోర్ట్రెయిట్ చేసే పని దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఇంకెవరిలోనూ లేనిది, ఈ ఒక్క మనిషిలో ఉన్నది, ఆ కొంచెం వంకర పళ్ళో, రెప్పల బరువో, దాన్ని పట్టుకోవడం చిత్రకారుడి పని. అందరిలో ఎక్కువగా కనపడేదాన్ని తీసివ్వడం మోడల్ పని. దానివల్ల చాలా ఉపయోగాలున్నాయి, రోజూ నేనూ వాడతాను. ఒక ఫలానా మనిషి ముఖం చెప్పడానికి మాత్రం అది పుట్టలేదు.

ఆ ‘ఎక్కువగా కనపడే’ రాణి ముఖం ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1868లో తిరువనంతపురం కొలువుకి వచ్చిన థియొడోర్ జెన్సెన్ అనే యూరోపియన్ చిత్రకారుడు పనిచేస్తుంటే చూసి రవివర్మ తైలవర్ణాల పద్ధతి పట్టుకున్నాడు. 1894లో బొంబాయి దగ్గర అచ్చు ప్రెస్సు పెట్టాడు. ఆ లక్ష్ములూ సరస్వతులూ దమయంతులూ దేశమంతా ఇళ్ళ గోడల మీదకి ఎక్కారు. అక్కణ్ణించి కేలెండర్లు, కేలెండర్లలోంచి పౌరాణిక సినిమాలు, ఆ తర్వాత సీరియళ్ళు, నగల కొట్ల హోర్డింగులు. ఆ బొమ్మని ఎంత చూసినా నాకు అందులో కనపడేది ఈ వరసే. తమాషా ఏంటంటే, తెల్లదొరసాని పటానికి దీటుగా మన రాణి పటం ఉండాలని ఉబలాటపడి మనం తెచ్చుకున్నది ఆ దొరసాని బొమ్మల దూరపు చుట్టాన్నే, వడ్డాణం పెట్టి. కొండజాతుల మధ్య బతికి, ఆ కొండల్లోనే చచ్చిపోయిన ఒక స్త్రీకి నగల కొట్టు మోడల్ ముఖం తగిలించి ‘మన చరిత్ర’ అంటున్నాం.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. మొదటిది: ‘సినిమా వాళ్ళు చేస్తే తప్పు లేదా? బొబ్బిలి మల్లమ్మ అనగానే మాకు భానుమతే గుర్తొస్తుంది కదా?’ నిజమే. 1757లో జరిగిన యుద్ధానికి 1964లో సినిమా తీశారు, అందులో మల్లమ్మ భానుమతి. అయితే అది భానుమతి అని చూసే ప్రతివాడికీ తెలుసు. టైటిల్స్‌లో పేరు పడుతుంది. ఆవిడ గొంతు, ఆవిడ ఠీవి, ఆవిడ పొగరు మనం వేరే సినిమాల్లో చూసినవే. అది వేషం, వేషమని ఒప్పుకున్న వేషం. బాగా వేసిందనో వెయ్యలేదనో మనం మాట్లాడుకోవచ్చు. వాట్సాప్ రాణికి వేషం వేసినవాళ్ళెవరు? సంతకం లేదు, తేదీ లేదు, నటి లేదు. పైగా కాస్త మసకేసి, అంచులు చిరిగినట్టు చేసి, పాత ఫోటోలా నమ్మించే ప్రయత్నం కూడా. అసలు ఫోటో తీసే పద్ధతిని లోకానికి ప్రకటించింది 1839లో. ఆవిణ్ణి చంపింది 1836లో. ఆ ఒక్క లెక్క చూసుకున్నా చాలు, ‘ఫోటో’ అనే మాట రాసేవాళ్ళు కాదు.

రెండోది: ‘మన దగ్గర మనుషుల బొమ్మలు గీసే అలవాటే లేదు, ఏం చెయ్యమంటావు?’ ఇది తప్పు మాట. తిరుమల గుళ్ళోకి వెళ్తుంటే కృష్ణదేవరాయలు, ఆయనకి చెరోవైపు తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. 16వ శతాబ్దపు లోహ విగ్రహాలు, పేర్లు చెక్కి మరీ పెట్టారు. అవి అచ్చం వాళ్ళలాగే ఉన్నాయని నేననను, దేవుడి ముందు నిలబడ్డ భక్తురాళ్ళుగా తీర్చిదిద్దిన రూపాలవి. కానీ ఎవరు పెట్టించారు, ఎందుకు పెట్టించారు, ఎవరికి కనపడాలని పెట్టించారు అని అడగొచ్చు. మన దగ్గర అలవాటు లేదనడం కాదు, ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది ప్రశ్న. చక్రవర్తి భార్యలకి కంచు దొరికింది. కంపెనీ రాజ్యంలో కలెక్టరు నిలబెట్టి వదిలేసిన కొండ జమీందారిణికి దొరకలేదు. ఈ తేడా చరిత్రలో భాగం. బొమ్మ పెట్టి ఆ తేడాని చెరిపేస్తే నష్టపోయేది మనమే.

మూడో జవాబు అన్నిటికంటే గట్టిది. ఒక స్నేహితురాలు నాతో అంది: ‘ఆడవాళ్ళని చరిత్రలోంచి ఒకసారి చెరిపేశారు. మేం ఇప్పుడు వాళ్ళకో ముఖం ఇచ్చుకుంటుంటే నువ్వొచ్చి డేటా, మోడల్ అని వద్దంటావేంటి?’ ఈ కోపం న్యాయమైంది. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను. అందుకే హైదరాబాదు నుంచి ఒక పటం గురించి చెప్తాను.

1805లో హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ తన ఇద్దరు చిన్నపిల్లల్ని చదువుకని ఇంగ్లండు పంపించాడు. తల్లి ఖైరున్నిసా, హైదరాబాదు పెద్దింటి ఆడపడుచు. ఓడ ఎక్కేముందు మద్రాసులో జార్జి చినరీ అనే చిత్రకారుడు ఆ పిల్లల్ని గీశాడు. మన బట్టల్లో, మెట్ల మీద, అన్న పక్కన చెల్లెలు. అదే ఏడాది అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. పిల్లలు తల్లిని మళ్ళీ చూడలేదు. ఆమె 1813లో పోయింది. ఆ చెల్లెలు కిట్టీ పెరిగి పెద్దదై, ఎన్నో ఏళ్ళ తర్వాత ఇంగ్లండులో ఒక ఇంట్లో ఆ పటం చూసి ఏడ్చిందంటారు.

ఆ పటంలో తల్లి లేదు. ఇవాళ ఎవరైనా మంచి మనసుతోనే, సాఫ్ట్‌వేర్ వాడి, పిల్లల వెనకాల ఒక అందమైన బేగం సాహెబాని నిలబెట్టొచ్చు. పిల్లల భుజాల మీద ఆమె చేతులు వెయ్యొచ్చు. చూడ్డానికి కంట నీరు తెప్పిస్తుంది కూడా. కానీ ఆ పటం చెప్పే నిజమంతా ఆమె అందులో లేకపోవడంలోనే ఉంది. పిల్లల్ని ఆమె దగ్గర్నుంచి తీసుకుపోయారు. ఆమెని అందులో పెట్టిన మరుక్షణం, తీసుకుపోయినవాళ్ళ మీద కేసు కొట్టేసినట్టే.

జమ్మ దేవమ్మ విషయంలోనూ అంతే. కలెక్టరు తన అవసరం కోసం ఆమె పేరు వాడుకున్నాడు. ముఠాదారులు తమ కోపం చెప్పడానికి ఆమె ప్రాణం వాడుకున్నారు. ఇప్పుడు మనం మన గర్వం కోసం ఆమెకి ముఖం తగిలించి వాడుకుంటున్నాం. మూడుసార్లూ ఆమెని అడిగినవాళ్ళు లేరు. ఆ నవ్వే పెదవుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే. ఎత్తుకుపోయి చంపిన మనిషి చేత మన కోసం నవ్విస్తున్నాం.

పైగా ముఖం రాగానే ప్రశ్నలు ఆగిపోతాయి. ముఖం లేనప్పుడు అడుగుతాం: కలెక్టరు ఆమెనే ఎందుకు ఎంచుకున్నాడు? ముఠాదారుల్ని కాదని ఆమెని నిలబెట్టినవాడు ఆమె ప్రాణానికి ఏం భరోసా ఇచ్చాడు? ముఠాదారుల తిరుగుబాట్లని అల్లూరి కథకి ముందుమాటగా చెప్పుకుని పొంగిపోయే మనం, అదే ముఠాదారుల చేతుల్లో చచ్చిన ఈ స్త్రీని ఏ పేజీలో పెట్టుకుంటాం? ఈ చివరి ప్రశ్న మా ఊరివాళ్ళకి చాలా ఇబ్బందికరం. తెల్లవాడి మీద తిరగబడ్డవాళ్ళంతా మంచివాళ్ళు కావాలి మనకి. కత్తి పట్టుకున్న రాణి బొమ్మ ఆ ఇబ్బందిని ఒక్క దెబ్బతో తీసేస్తుంది. ఆవిడ కూడా ఏదో వీరనారి, తెల్లవాళ్ళతోనే పోరాడి ఉంటుంది అనిపిస్తుంది. ఆ గ్రూపులో అప్పటికే ఒకరు అలాగే రాసేశారు. కలెక్టరు నిలబెట్టిన మనిషి రెండు రోజుల్లో కలెక్టరు మీద కత్తి దూసిన మనిషి అయిపోయింది.

ఇంకో భయం నా వృత్తిలోంచి వచ్చింది. ఇవాళ జమ్మ దేవమ్మ పేరుతో బొమ్మలు వెతికితే ఖాళీ. రేపు ఆ ఒక్క బొమ్మే పదిచోట్ల కనపడుతుంది. ఎల్లుండి కొత్త మోడల్‌కి నేర్పించేటప్పుడు ఆ పదీ దాని లోపలికి పోతాయి. ఆ తర్వాత ఆమె పేరు అడిగితే అది తడుముకోదు, నమ్మకంగా అదే ముఖం తీసిస్తుంది. అప్పటికి ఇది కల్పన అని చెప్పేవాళ్ళు ఉండరు. అబద్ధాన్ని సరిచెయ్యడానికి ఒక నిజమైన పటం ఉంటే దాన్ని చూపించొచ్చు. ఇక్కడ చూపించడానికి ఉన్నది ఖాళీ ఒక్కటే. ఆ ఖాళీని కూడా పోగొట్టుకుంటే ఇంక చేతిలో ఏమీ ఉండదు.

ఊహించొద్దని నేను చెప్పట్లేదు. ఊహ లేకపోతే మనమంతా ఇక్కడ ఏం చేస్తున్నట్టు? జమ్మ దేవమ్మ మీద ఎవరైనా నవల రాస్తే ముందు కొనేది నేనే. కింద రచయిత పేరుంటుంది, నచ్చకపోతే తిట్టుకోవచ్చు. ఎవరైనా చిత్రకారులు ఆమెని తమ ఊహతో గీసి కింద సంతకం పెడితే దాని ముందు నిలబడి చూస్తాను. వాళ్ళు తమ చేత్తో, తమ పేరుతో ఆ బాధ్యత ఎత్తుకుంటారు. ప్రచురణకర్తలకి మాత్రం ఒక మాట. అట్ట మీద మోడల్ తీసిచ్చిన ముఖం వేస్తే, ఆ సంగతి లోపలి పేజీలో అచ్చు వెయ్యండి. ఇంకా మంచిపని, ఆ డబ్బులు ఒక చిత్రకారుడికివ్వండి. చరిత్ర పేజీలు నడిపేవాళ్ళకి ఇంకో మాట. ముఖం లేని మనిషి గురించి రాసేటప్పుడు పేరు పెద్దక్షరాల్లో వేసి ఊరుకోండి. చదివేవాళ్ళు తట్టుకుంటారు.

మా నర్సీపట్నం వాళ్ళకి ఆమె మీద నిజంగా అభిమానం ఉంటే చెయ్యాల్సింది కొంచమే. గొలుగొండలో ఒక రాయి పాతించండి. దాని మీద ఆమె పేరు, 1836 అనే అంకె, ఎవరు నిలబెట్టారు, ఎవరు చంపారు అన్న రెండు మాటలు చెక్కించండి. బొమ్మ మాత్రం వద్దు.